మాటకీ బేస్‌కీ పేచీ: బెజవాడ, గుంటూరుల్లో ఒక హిప్‌హాప్–ఈడీఎం గ్రూపు ఎలా పైకొస్తుంది

హిప్‌హాప్‌లో మాట వినపడకపోతే పాట లేనట్టే. ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ (ఈడీఎం)లో బేస్, అంటే అడుగున ఉండే లోతైన మోత, ఛాతీకి తగలకపోతే జనం కదలరు. రెండూ కలిపి వాయిస్తామని బయల్దేరిన గ్రూపు మొదటి రోజునుంచే ఒక పేచీని ఇంట్లో పెట్టుకుంటుంది. బేస్ పెంచితే మాట మునుగుతుంది, మాటని పైకి తెస్తే డాన్స్ చప్పబడిపోతుంది. విజయవాడ–గుంటూరు మధ్య ముప్పైచిల్లర కిలోమీటర్ల దారిలో ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలు, ఇన్ని ఫెస్టులు, ఇన్ని సౌండ్ సిస్టమ్‌లు ఉన్నా ఒక గ్రూపు పైకొచ్చి ఇంకొకటి రెండో ఏడాదికే చెదిరిపోతుంది. కారణం వెతికితే చాలాసార్లు గొంతు దగ్గరో బీట్ దగ్గరో దొరకదు. ఆ పేచీని పాట రాసేటప్పుడు, స్టేజీ మీద, డబ్బు పంచుకునేటప్పుడు తీర్చుకున్నారా లేదా అన్న దగ్గర దొరుకుతుంది.

పేచీ పాతదే. 1982లో న్యూయార్క్ బ్రాంక్స్‌కి చెందిన ఆఫ్రికా బంబాటా, సోల్‌సోనిక్ ఫోర్స్ కలిసి ‘ప్లానెట్ రాక్’ చేశారు. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ బాణీని తీసుకుని, దాని కింద రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ పెట్టారు. టెంపో నిమిషానికి దాదాపు 128 దెబ్బలు. అప్పటి ర్యాపర్లకి అలవాటైన నడక కంటే అది బాగా వేగం. మాటలు రాసిన గ్లోబ్ అనే ఎంసీ (ర్యాప్ చెప్పేవాడు) వేగంతో పోటీపడలేదు. బీట్ పరిగెడుతుంటే మాటని సగం నడకలో, విడివిడిగా, దూరదూరంగా వదిలాడు. హిప్‌హాప్, ఎలక్ట్రానిక్ సంగీతం కలిసి బతకొచ్చని ఆ ఒక్క నిర్ణయం చూపించింది. బాణీ వాడుకున్నందుకు క్రాఫ్ట్‌వెర్క్‌కి తర్వాత డబ్బు కట్టాల్సి వచ్చింది. అంటే ఈ సంగీతంలో హక్కుల తగాదా కూడా పుట్టుకతో వచ్చిందే.

పెద్దగా పైకొచ్చిన గ్రూపులు ఇదే ముడిని వేరే రకంగా విప్పాయి. బ్లాక్ ఐడ్ పీస్ 1995లో లాస్ ఏంజెలెస్‌లో ర్యాప్ గ్రూపుగా మొదలైంది. 2009లో పూర్తిగా డాన్స్ టెంపోకి వచ్చాక వాళ్ళ రెండు పాటలు వెంటవెంటనే 26 వారాలపాటు బిల్‌బోర్డ్ హాట్ 100 మొదటి స్థానంలో కూర్చున్నాయి. వాళ్ళు చేసింది మాట తగ్గించడం, హుక్‌ని (మళ్ళీమళ్ళీ వచ్చే పల్లవి ముక్క) నాలుగైదు పదాలకి కుదించడం. అదే నగరంలో 2003లో మొదలైన ఫార్ ఈస్ట్ మూవ్‌మెంట్‌కి ఆ చార్టు మొదటి స్థానం అందేసరికి 2010 వచ్చింది. ఏడేళ్ళు! ఆ పాటలో హుక్ పాడింది గ్రూపులో వాళ్ళు కూడా కాదు, దేవ్ అనే గాయని. మన దేశంలో న్యూక్లియా అనే ఎలక్ట్రానిక్ సంగీతకారుడు 2015లో ‘బాస్ రాణి’ ఆల్బమ్‌ని ముంబయి గణేశ్ నిమజ్జనం ఊరేగింపులో విడుదల చేసి, డౌన్‌లోడ్ ఉచితంగా ఇచ్చాడు. బేస్‌ని ఎప్పటినుంచో ప్రేమిస్తున్న జనం ఎక్కడున్నారో అక్కడికే వెళ్ళాడన్నమాట. 2018లో చెన్నైలో మొదటి ప్రదర్శన ఇచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందం మాటవైపు మొగ్గింది. చెన్నై వీధుల్లో పాడే గానా పాట నడకమీద ర్యాప్ పెట్టి, ప్రతి పదమూ వినపడాలని పట్టుబట్టింది.

ఇక్కడికొస్తే, గుంటూరు జిల్లాకి ఈ లెక్క మరీ పరాయిదేం కాదు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ 1940లలో ప్రజానాట్యమండలితో ఊరూరా చెప్పిన బుర్రకథలో ముగ్గురే మనుషులు. తంబురాతో కథకుడు, గుమ్మెటలనే డోళ్ళతో ఇద్దరు వంతలు: ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. మైకు సరిగా లేని రోజుల్లో వేలమందికి మాట వినపడిందంటే గొంతు ఒక్కటే కారణం కాదు. కథకుడు చెబుతున్నంతసేపూ గుమ్మెట అణిగి ఉండి, పాదం ముగిసిన చోట ‘తందాన తాన’తో విరుచుకుపడుతుంది. చోటు పంచుకోవడమే అందులోని కిటుకు. ఇప్పటి గ్రూపులో ఎంసీ, పక్కన అందుకునే హైప్‌మ్యాన్, వెనక డీజే చేయాల్సింది ఇంతకంటే వేరే ఏమీ లేదు.

మాత్రల లెక్క

ర్యాప్‌లో ఒక బార్ అంటే నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి నాలుగు భాగాలు, మొత్తం 16. లఘువుని (పొట్టి అక్షరం) ఒక భాగం, అంటే ఒక మాత్ర, గురువుని (పొడుగు అక్షరం) రెండు భాగాలు అనుకుంటే తెలుగు పాదం కొలత ఇట్టే తెలుస్తుంది. ఈ రెండు పాదాలు చూడండి:

బందరు రోడ్డున బస్సులు ఆగవు
సందులొ బండికి సైడే ఇవ్వరు

రెండూ నాలుగేసి మాత్రల నాలుగు ముక్కలు, సరిగ్గా 16. మొదటి పాదంలో 12 అక్షరాలున్నాయి. 90 టెంపోలో బార్ 2.67 సెకన్లు కాబట్టి సెకనుకి నాలుగున్నర అక్షరాలు, హాయిగా మాట్లాడినట్టే ఉంటుంది. 128లో బార్ 1.875 సెకన్లు, సెకనుకి 6.4 అక్షరాలు. గట్టిగా సాధన చేసినవాళ్ళకి అందుతుంది. అదే ‘పదపద పరుగున గడపలు దిగుదిగు’ లాంటి సర్వలఘు పాదమైతే 128లో సెకనుకి 8.5 అక్షరాలు. రికార్డింగ్‌లో నాలుగు ముక్కలుగా పాడి అతికించొచ్చు గానీ, గెంతుతూ స్టేజీ మీద పాడితే రెండో బార్‌కే ఊపిరి అయిపోతుంది. కొత్త గ్రూపులు ఇక్కడే దెబ్బతింటాయి. స్టూడియోలో అతికించిన వేగాన్ని చూసి మురిసిపోతారు, కాలేజీలో సగం మాటలు మింగుతారు, వెనక ట్రాక్‌లో గొంతు ఆగకుండా పాడుతూనే ఉంటుంది. ముందు వరసలోని కుర్రాళ్ళు అది పట్టేస్తారు.

పై పాదాల్లో ఇంకొకటి ఉంది. రెండో అక్షరం ప్రాస కలిసింది. మూడో ముక్క మొదట్లో బ–బ, స–సై అని యతి పడింది. ఆ యతి పడే చోటు బార్‌లో మూడో దెబ్బ. హాఫ్‌టైమ్ (సగం నడక) బీట్‌లో స్నేర్, అంటే టప్పుమనే డ్రమ్, మోగేదీ అక్కడే. ఛందస్సు చదివినవాళ్ళు మొహమాటం లేకుండా దీన్ని వాడుకోవచ్చు. స్నేర్‌తోపాటే యతి అక్షరం పడితే ఆ హల్లుకి దెబ్బ బలం తోడవుతుంది, బేస్ ఎంత ఉన్నా మాట తెగి వినపడుతుంది. అంత్యప్రాస ఒక్కదాన్నే నమ్ముకోవడం తెలుగులో చవక బేరం. క్రియ చివర్లో వచ్చే భాష కాబట్టి వచ్చాడు–తెచ్చాడు, వెళ్ళింది–తుళ్ళింది అని ఎన్నయినా దొరుకుతాయి. నాలుగో పాదానికి ఏమొస్తుందో జనం ముందే చెప్పేస్తారు.

మాట్లాడే తెలుగులో గురువు–లఘువు జంటలు ఎక్కువగా దొర్లుతుంటాయి. ‘కంకిపాడు బస్సులోన కాలు మోప చోటు లేదు’ అనే పాదం అంతా మూడేసి మాత్రలే, మొత్తం 24. దీన్ని 16 భాగాల బార్‌లో బలవంతంగా ఇరికిస్తే రెండో బార్ మధ్యలో తెగి కుంటుతుంది. ట్రాప్ అనే హిప్‌హాప్ రకం బీట్‌లో ట్రిప్లెట్‌గా (దెబ్బని మూడు భాగాలు చేసి) తీసుకుంటే దెబ్బకి మూడు మాత్రలు, ఎనిమిది దెబ్బలు, సరిగ్గా రెండు బార్లు. 140 టెంపోలో కూడా సెకనుకి ఐదు అక్షరాలు దాటవు. వేగంగా వినపడుతుంది, పాడేవాడికి తేలిక. కాబట్టి టెంపో ముందు పెట్టుకుని మాటలు తర్వాత వెతకడం కంటే, పాదం త్రిశ్రంలో (మూడేసి మాత్రలు) నడుస్తోందా చతురశ్రంలో (నాలుగేసి మాత్రలు) నడుస్తోందా చూసి బీట్ ఎంచుకుంటే సగం పని అయినట్టే.

ఒత్తుల సంగతి కూడా చెప్పుకోవాలి. ‘బస్సు’లో గురువు అచ్చు సాగడంవల్ల వచ్చింది కాదు, హల్లు నిలవడంవల్ల వచ్చింది. ‘చెప్పు’, ‘ఎక్కు’, ‘తట్టు’ లాంటి మాటల్లో పెదవో నాలుకో ఒక భాగంసేపు పూర్తిగా మూసుకుంటుంది. అది నిశ్శబ్దం. ఆ చోట హైహ్యాట్ (టిక్‌టిక్‌మనే తాళాల చప్పుడు) పెట్టకుండా వదిలేస్తే గొంతే డ్రమ్ అవుతుంది. ఆ ఖాళీని హైహ్యాట్ రోల్‌తో నింపేస్తే ‘చెప్పు’ కాస్తా ‘చెపు’ అయిపోతుంది.

96 నుంచి 128కి

ఈ గ్రూపుల సెట్, అంటే స్టేజీ మీద వరసగా వాయించే పాటలు, సాధారణంగా రెండు ముక్కలుగా విరిగిపోతుంది. ముందు నాలుగు ర్యాప్ పాటలు, తర్వాత డీజే వాయించే డాన్స్ ముక్క. మధ్యలో ‘విజయవాడా, చప్పుడేదీ!’ అని అరుపు. ఆ అతుకు దగ్గరే జనం ఫోన్లు తీస్తారు. దీనికి మందు సాదా లెక్కలో ఉంది. ర్యాప్ పాట 96లో, డాన్స్ పాట 128లో పెట్టుకుంటే రెండింటి నిష్పత్తి 3:4. 96లో మూడు భాగాలకొకసారి చప్పట్లు కొట్టడం మొదలుపెడితే, ఆ చప్పట్ల మధ్య దూరం 0.469 సెకన్లు. 128 టెంపోలో ఒక దెబ్బ కూడా అంతే. 96లో మూడు బార్లు, 128లో నాలుగు బార్లు, రెండూ ఏడున్నర సెకన్లే. ఆ మూడు బార్లలో కిక్ (దెబ్బ దెబ్బకీ పడే పెద్ద డ్రమ్) తీసేసి, చప్పట్లు ఒక్కటే ఉంచి, జనంచేత కొట్టించి, నాలుగో బార్ తలుపు దగ్గర 128 కిక్ వదిలితే టెంపో మారిందని ఎవరికీ తెలీదు. కాళ్ళకి మాత్రం తెలుస్తుంది. ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో మృదంగం పట్టుకున్నవాళ్ళనో మంచి డప్పు కళాకారుణ్నో అడిగితే అర నిమిషంలో చేసి చూపిస్తారు. వాళ్ళకిది నిత్యం చేసే పనే.

70, 140 జంట ఇంకా తేలిక, నడక సగమవుతుంది అంతే. 100 నుంచి 128కి మాత్రం ఇలాంటి దారి లేదు. ఆ పాటను 96కి దించితే పోయేదేమీ ఉండదు.

16 బార్ల చరణం 96లో 40 సెకన్లు, 128లో 30 సెకన్లు. డాన్స్ పాటలో రెండు చరణాలూ 16 బార్లు ఉంచితే డ్రాప్ (బీటూ బేసూ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు) ఆలస్యమవుతుంది. 8 బార్ల చరణం, డ్రాప్ దాకా ఊపు పెంచే 8 బార్ల ఎక్కింపు, 16 బార్ల డ్రాప్ అనే కొలత పనిచేస్తుంది. డ్రాప్‌లో పూర్తి వాక్యం పెట్టకూడదు, రెండు మూడు మాటలు చాలు. అవి కూడా ఆ, ఏ, ఓ లాంటి దీర్ఘాచ్చులతో ముగిసేవైతే వెయ్యిమంది కలిసి అరవడానికి నోరు తిరుగుతుంది. ‘ము’, ‘వు’, ‘లు’లతో అయిపోయే మాటలు అరుపులో అణిగిపోతాయి.

మైదానంలో ఏం తేడా కొడుతుంది

ఇయర్‌ఫోన్లలో గొప్పగా ఉన్న 808 బేస్ (ఆ డ్రమ్ మెషీన్ తరహా లోతు మోత) మైదానంలో మాయమైతే నింద సౌండ్ కుర్రాడి మీద పడుతుంది. తప్పు తరచూ శ్రుతిలో ఉంటుంది. అద్దెకి దొరికే 18 అంగుళాల బేస్ బాక్సుల్లో చాలావరకు 40 హెర్ట్జ్ (సెకనుకి 40 కంపనలు) దగ్గరకొచ్చేసరికి చేతులెత్తేస్తాయి. పాట ‘ఈ’ (E) శ్రుతిలో ఉంటే బేస్ మూలస్వరం 41 హెర్ట్జ్, ‘డీ’ అయితే 37. ‘జీ’ (G) అయితే 49, ‘ఏ’ (A) అయితే 55. అవే బాక్సులు, అదే కరెంటు, శ్రుతి రెండు మూడు మెట్లు పైకి జరిపితే నేల అదురుతుంది. ఎంసీ గొంతుకి ఆ శ్రుతి పొసుగుతుందా అనే బెంగ ర్యాప్‌లో తక్కువ, హుక్ పాడేవాళ్ళని చూసుకుంటే చాలు. ఫోన్ స్పీకర్‌ది ఇంకో కథ. 200 హెర్ట్జ్ కింద దానికి దాదాపు ఏమీ ఉండదు. బేస్‌కి కాస్త శాచురేషన్ (కావాలని కలిపే గరుకుదనం) ఇచ్చి 200 హెర్ట్జ్, ఆ పైన పై స్వరాలు పుట్టిస్తేనే రీల్ చూసేవాడి చెవి లేని బేస్‌ని ఊహించుకుంటుంది.

స్టేజీకి ఆ పక్క నాలుగు, ఈ పక్క నాలుగు బేస్ బాక్సులు పేర్చడం ఇక్కడి అలవాటు. చూడ్డానికి బాగుంటుంది. 50 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. రెండు గుట్టల మధ్య పది పన్నెండు మీటర్లు ఉంటే కొన్ని చోట్ల అలలు కలిసి గుండె అదురుతుంది, నాలుగడుగులు జరిగితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేసే ఉండదు. అన్నీ మధ్యలో స్టేజీ కింద ఒకే వరసలో పేర్పిస్తే జనమందరికీ దాదాపు ఒకేలా అందుతుంది. అడిగితే చేస్తారు. కాకపోతే మధ్యాహ్నమే వెళ్ళి అడగాలి, ట్రస్ కట్టి షార్పీ లైట్లు ఎక్కించాక కాదు.

మైదానానికి ఎదురుగా నాలుగంతస్తుల కాలేజీ బ్లాక్ ఉంటే ఇంకో తలనొప్పి. స్టేజీకి 40 మీటర్ల దూరంలో గోడ ఉందనుకోండి, గొంతు వెళ్ళి తిరిగి రావడానికి 0.23 సెకన్లు పడుతుంది. 128 టెంపోలో అరదెబ్బ కూడా సరిగ్గా అంతే. ఎంసీ అన్న మాట అరదెబ్బ ఆలస్యంగా వెనక్కొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. ఆ ప్రతిధ్వనిని నమ్మితే పాడేవాడు వెనకబడిపోతాడు. చెవిలో పెట్టుకునే మానిటర్ ఉంటే మంచిదే. లేకపోతే ముందున్న మానిటర్ బాక్సులో బేస్ పూర్తిగా తీయించి, గొంతూ స్నేరూ మాత్రమే పెట్టించుకోవాలి. ఫంక్షన్ హాళ్ళలో గోడ ఒక్కటే కాదు, గచ్చు, అద్దాలు, పైకప్పు అన్నీ కలిసి మోగుతాయి. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి ఆ అచ్చు మోత తర్వాతి హల్లుని మింగేస్తుంది. అక్కడ పాదానికి రెండు అక్షరాలు తగ్గించి పాడటమే దారి.

మైకు తలని పిడికిట్లో మూసి పట్టుకోవడం ర్యాప్ వీడియోల్లో చూడ్డానికి బాగుంటుంది. ఆ మైకు ముందునుంచి వచ్చే శబ్దాన్ని మాత్రమే పట్టుకునేలా తయారైంది. వెనక రంధ్రాలు మూస్తే అన్నివైపులనుంచీ పట్టుకోవడం మొదలెడుతుంది. కీచుమని ఫీడ్‌బ్యాక్ వస్తుంది, సౌండ్ కుర్రాడు భయపడి గొంతు తగ్గిస్తాడు, మాట మునుగుతుంది. స్టేజీలో బయటి బాక్సుల వరసకి ముందుకెళ్ళి జనంలోకి వంగినా అదే జరుగుతుంది.

ల్యాప్‌టాప్‌నుంచి రెండు తీగలే ఇచ్చేటప్పుడు స్టీరియో మర్చిపోవడం మంచిది. బయట ఎలాగూ మోనోనే. ఎడమ తీగలో కిక్, బేస్, కుడి తీగలో మిగతా సంగీతం పంపితే మిక్సర్ దగ్గరున్న మనిషికి రెండు వేర్వేరు మీటలు దొరుకుతాయి. మాట మునుగుతుంటే బేస్ ఒక్కదాన్ని దించగలడు, పాట మొత్తాన్ని కాదు. కుడి తీగలో వెళ్ళే సింథ్‌ని (ఎలక్ట్రానిక్ వాద్యం) ఎంసీ పాడుతున్నప్పుడు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య మూడు డెసిబెల్స్ అణిగేలా ముందే కట్టుకోవాలి. హల్లులు బతికేది అక్కడే. మైకులో 120 హెర్ట్జ్ కింద కోసేయాలి, లేకపోతే అడుగుల చప్పుడు, ఊపిరి కూడా బేస్ బాక్సుల్లోకి పోతాయి.

జనరేటర్ మీద నడిచేటప్పుడు ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే బొయ్యిమని మోత వస్తే ఛార్జర్ పీకి చూడాలి. మోత ఆగితే ఎర్తింగ్ తేడా, గ్రౌండ్ లిఫ్ట్ ఉన్న డీఐ బాక్సు (ల్యాప్‌టాప్‌కీ మిక్సర్‌కీ మధ్య ఆడియో తీగలో ఎర్త్ కలయికని తెంపే చిన్న పెట్టె) పెడితే పోతుంది. ఛార్జర్ ఎర్త్ పిన్ విరగ్గొట్టే మొరటు వైద్యం ఒకటుంది, ప్రాణం మీదకి తెస్తుంది. ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో సాయంత్రం ఆరింటికి కూడా స్టేజీ ఇనుము కాలుతుంటుంది. నల్ల ల్యాప్‌టాప్ రెండు గంటలు ఆ వేడిలో ఉంటే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, డ్రాప్ మధ్యలో శబ్దం చిటపటలాడుతుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో బఫర్‌ని (శబ్దాన్ని ముందే పోగేసుకునే కొలత) 128 శాంపిళ్ళనుంచి 512కి పెంచి, సింథ్‌లన్నింటినీ ముందే ఆడియోగా మార్చుకుని తెచ్చుకుంటే ఆ గండం గడుస్తుంది.

అన్నిటికంటే పెద్ద గండం రాత్రి పది గంటల గడువు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా, పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ 12 వరకు సడలించే అధికారం రాష్ట్రానికి ఉంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు, బహుమతులు అన్నీ అయ్యాక తొమ్మిదింటికి ఎక్కాల్సిన గ్రూపు తొమ్మిదీ నలభైకి ఎక్కుతుంది. 40 నిమిషాల సెట్‌లో గొప్ప డ్రాప్‌ని 35వ నిమిషానికి దాచిపెట్టినవాళ్ళు దాన్ని వాయించకుండానే దిగిపోతారు. 40, 25, 12 నిమిషాల మూడు సెట్లు సిద్ధంగా ఉంచుకుని, మూడింట్లోనూ పేరు తెచ్చే పాటని రెండోదిగా పెట్టుకున్నవాళ్ళే ఇక్కడ నెగ్గుకొస్తారు.

పాట ఎవరిది

మాటకీ బేస్‌కీ ఉన్న పేచీ డబ్బు దగ్గరకొచ్చేసరికి మనుషుల పేచీ అవుతుంది. మాట రాసినవాడు పాట తనదంటాడు, బీట్ కట్టినవాడు తనదంటాడు. చట్టం దృష్టిలో ఇద్దరూ కరెక్టే. సాహిత్యం ఒక హక్కు, సంగీతం ఒక హక్కు, రికార్డింగ్ మూడో హక్కు. మూడోది సాధారణంగా డబ్బు పెట్టి రికార్డు చేయించినవాళ్ళది. గ్రూపులు విడిపోయేది ఎక్కువగా ఈ మూడో దాని దగ్గరే, ఎందుకంటే బెడ్‌రూమ్‌లో చేసిన రికార్డింగ్‌కి ‘డబ్బు పెట్టినవాడు’ ఎవరో ఎవరికీ గుర్తుండదు. రికార్డింగ్ అయిన రోజే ఒక తెల్లకాగితం మీద పాట పేరు, ముగ్గురు నలుగురి పేర్లు, మూడు హక్కుల్లో ఎవరికెంత శాతం అని రాసి సంతకాలు పెట్టుకుంటే చాలు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాని సినిమా, ఆడియో కంపెనీలకి పూర్తిగా రాసిచ్చినా చెల్లదు. వారసులకీ కాపీరైట్ సొసైటీకీ మాత్రమే ఇవ్వగలరు. ఇది తెలియక ‘హక్కులన్నీ శాశ్వతంగా’ అన్న కాగితం చూసి కంగారుపడేవాళ్ళున్నారు, సంతోషంగా సంతకం పెట్టేవాళ్ళూ ఉన్నారు.

యూట్యూబ్‌లో లీజుకి దొరికే బీట్ మీద ర్యాప్ చేస్తే పని త్వరగా అవుతుంది. కానీ అదే బీట్ ఇంకో వందమందికి కూడా ఇచ్చి ఉంటారు కాబట్టి ఆ పాటని కంటెంట్ ఐడీలో (యూట్యూబ్‌లో పాట ఎవరిదో గుర్తుపట్టే వ్యవస్థ) నమోదు చేసుకోవడం కుదరదు. చేస్తే మిగతావాళ్ళ పాటల మీద తప్పుడు క్లెయిములు పడతాయి, చివరికి ఖాతాకే ఎసరొస్తుంది. సినిమా పాట రీమిక్స్ ఇంకా పెద్ద ఎర. అరగంటలో జనం చేతిలోకొస్తారు, నిజమే. అయితే అప్‌లోడ్ చేసిన మరుక్షణం ఆదాయం ఆడియో కంపెనీకి పోతుంది, చప్పట్లలో సగం హీరోకి పోతాయి. పెళ్ళి ఊరేగింపులో రికార్డు వేయడానికి కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది. టికెట్ పెట్టి చేసే షోకి లేదు. రీమిక్స్‌ని సెట్‌లో రెండు ముక్కలకి పరిమితం చేసి, అదీ సొంత పాటకి దారితీసేలా వాడుకునే గ్రూపు మూడో ఏడాదికి తన పాటలతోనే నిలబడగలుగుతుంది. ఆరుకి ఐదు రీమిక్స్‌లు వాయించేది చివరికి పెళ్ళిళ్ళ డీజే అవుతుంది. అందులో తప్పేం లేదు, మంచి ఆదాయమే, కాకపోతే దాన్ని గ్రూపు ఎదుగుదల అనుకోకూడదు.

చిన్న విషయం ఒకటి పెద్దగా కొడుతుంది. కాలేజీ 60 వేలు ఇస్తానందనుకుందాం. చెక్కు ఒక్కరి పాన్ మీద వస్తుంది, 10 శాతం టీడీఎస్ పోను 54 వేలు చేతికొస్తాయి. నలుగురూ 13,500 చొప్పున పంచుకుంటారు. ఏడాది చివర్లో మొత్తం 60 వేలూ ఆ ఒక్కడి ఆదాయంగా కనపడుతుంది, కట్ అయిన 6 వేలు వాపసు వస్తే అదీ వాడి ఖాతాలోకే. అలాంటి షోలు పది జరిగేసరికి స్నేహాలు చెడతాయి. భాగస్వామ్య ఒప్పందం రాసుకుని సంస్థ పేరుమీద పాన్, బ్యాంకు ఖాతా తెరుచుకోవడమే పరిష్కారం. ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు జీఎస్టీ బెడద లేదు.

ఆషాఢంలో రికార్డింగ్

ఇక్కడి సంగీత కేలండర్‌ని పంచాంగం నడుపుతుంది. మూఢాల్లో, ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు. సౌండ్ వాళ్ళు, డీజేలు, స్టూడియోలు ఖాళీ. రికార్డింగ్‌కి అంతకంటే చవకైన కాలం దొరకదు. శ్రావణంలో పెళ్ళిళ్ళు మొదలవుతాయి, భాద్రపదంలో చవితి పందిళ్ళు, ఆశ్వయుజంలో దసరా, తర్వాత డిసెంబర్ 31, సంక్రాంతి, ఫిబ్రవరి–మార్చిలో వడ్డేశ్వరం, నంబూరు, వడ్లమూడి, కానూరు వైపు కాలేజీల ఫెస్టులు. పరీక్షల ముందు పాట విడుదల చేస్తే వినే చెవులుండవు.

స్ట్రీమింగ్‌లోకి పంపేటప్పుడు కనీసం నాలుగు వారాల ముందు డిస్ట్రిబ్యూటర్‌కి (పాటని యాప్‌లకి చేర్చే సంస్థ) అందించాలి. గ్రూపు పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ ప్రతి పాటకీ ఒకేలా ఉండాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఇంకొకరి పేజీలోకి పోతుంది. 2024నుంచి స్పాటిఫైలో 12 నెలల్లో వెయ్యి సార్లు వినని పాటకి రికార్డింగ్ రాయల్టీ పుట్టదు. కాబట్టి ఒకేసారి పది పాటల ఆల్బమ్ వదిలి పదింటినీ ఆ గీత కింద ఉంచడం కంటే ఆరేడు వారాలకొక పాట మేలు. మాస్టర్ చేసేటప్పుడు (పాటకి చివరి మెరుగు పెట్టేటప్పుడు) డాన్స్ పాట కదా అని మైనస్ 6 లఫ్స్‌కి (పాట ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) నొక్కేయనక్కర్లేదు. స్పాటిఫై, యూట్యూబ్ దాన్ని మైనస్ 14 దరిదాపులకి దించేస్తాయి. దిగాక మిగిలేది నలిగిపోయిన కిక్కూ, ఊపిరాడని గొంతూ.

యాప్‌లతో సమానంగా పట్టించుకోవాల్సిన దారి ఇంకొకటుంది: డీజేల పెన్‌డ్రైవ్. ఆటోనగర్ నుంచి అరండల్‌పేట దాకా చవితికి, దసరాకి వాయించే డీజే తన పెన్‌డ్రైవ్‌లో ఉన్నదే వాయిస్తాడు. అక్కడ చేరాలంటే అతని పని తేలిక చేయాలి. స్ట్రీమింగ్‌లో ఉన్న పాట మాటతో మొదలవుతుంది, దాన్ని ఇంకో పాటమీద కలపడం కష్టం. డీజే కోసం వేరే కూర్పు కావాలి: మొదట 16 బార్లు డ్రమ్స్ మాత్రమే, చివర 16 బార్లు మళ్ళీ డ్రమ్స్, 128లో అయితే చెరో 30 సెకన్లు. ఎంపీ3 అయితే 320 కేబీపీఎస్, ఫైలు పేరులోనే గ్రూపు పేరు, పాట పేరు, టెంపో, శ్రుతి. దానితోపాటే మాటలు తీసేసిన ఇన్‌స్ట్రుమెంటల్, ఎందుకంటే పందిట్లో మైకు పట్టుకుని ఎవరో ఒకరు మధ్యలో మాట్లాడతారు. బూతు ఉంటే అది లేని కూర్పు తప్పనిసరి, వినాయకుడి ముందు వాయించాలి కదా. నిమజ్జనం ఊరేగింపుల్లో పోలీసులు డీజేని ఒప్పుకోని చోట్ల కూడా పందిరి దగ్గర సాయంత్రాలుంటాయి. ఇదంతా శ్రావణ పౌర్ణమి లోపు వాళ్ళ చేతికి అందాలి. అక్కడినుంచి చవితికి సాధారణంగా ఉండేది మూడు వారాల లోపే, డీజేలు కొత్త పాటలు ఎక్కించుకుని కలిపి చూసుకునేది ఆ రోజుల్లోనే.